కలివికోడి అడుగుజాడలు

హైదరాబాదు పాతనగరపు ప్రాకారానికి ఒకప్పుడు ఎన్నో ద్వారాలుండేవి. నేడు నిలిచి ఉన్నవి రెండే: ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. పారసీక భాషలో ‘దబీర్’ అనగా లేఖకుడు; చూచినదీ విన్నదీ పొల్లుపోకుండా వ్రాసి భద్రపరచేవాడు. ఆ కమాను క్రిందుగా బడికి పోయే బాలుడొకడు తలయెత్తి చూచినాడనుకొందము. రాతి సందులలో పావురాలు, ఆకాశాన వలయాలు తిరిగే గద్దలు కనిపిస్తవి. గద్దలెన్ని? ఏ వేళకు వచ్చినవి? ఎటు పోయినవి? ఈ ప్రశ్నలకు తాను చూచినంత వరకు జవాబులను, తేదీతో సహా, పుస్తకంలో వ్రాసుకొన్ననాడు ఆ బాలుడు కూడా ఒక దబీరే. అడవిలో వేసవి గడిపే పరిశోధక విద్యార్థి చేసే పని మూలంలో ఇంతకంటె భిన్నమైనది కాదు. అయితే అడవిప్రాణిని గురించి తెలుసుకొనే దారి ఏదైనా మంచిదేనా? ఈ ప్రశ్నకు తెలుగునేలపై ఒక చిన్న పక్షి చరిత్ర జవాబు చెప్పుచున్నది.

ఆ పక్షి పేరు కలివికోడి. ముళ్ల కలివిపొదల నీడలో మసలుతుంది గనుక పల్లెవారు దానికా పేరు పెట్టినారు. సన్నని పొడుగు కాళ్లు, పెద్ద కన్నులు, రొమ్ముపై రెండు గోధుమవన్నె పట్టెలు దాని గుర్తులు. ఎగరడం కంటె పరుగు దానికి ప్రియము. మదరాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ వలన 1848లో అది శాస్త్రలోకానికి పరిచితమైనది. ఇంగ్లీషు గ్రంథాలలో నేటికీ దానికి ఆయన పేరే. గోదావరి లోయలో భద్రాచలం ప్రాంతాన, దక్షిణాన కడప, అనంతపురం ప్రాంతాలలో అది కనిపించినట్లు పూర్వులు వ్రాసినారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించిన పిమ్మట ఎనిమిది దశాబ్దాలకు పైగా శాస్త్రజ్ఞుల కంట పడలేదు.

ఆ మధ్యకాలంలో వెదకినవారు సామాన్యులు కారు. విశ్వవిద్యాలయపు పట్టా లేకపోయినను బెర్లిన్‌కు పోయి పక్షిశాస్త్రం అభ్యసించి వచ్చిన సలీం అలీ, నిజాం ప్రభుత్వపు సహాయంతో 1931–32లో హైదరాబాదు రాజ్యమంతటా పక్షుల సర్వే జరిపినాడు. భార్య తెహ్మినా శిబిరాలలో ఆయన వెంట ఉన్నది. ఆ నాటి పద్ధతి ప్రకారం పక్షిని తుపాకితో కొట్టి, చర్మం ఒలిచి, చీటీ కట్టి దాచవలెను. నేటికీ విలువ తరగని ఎంతో విజ్ఞానం అట్లు సమకూడినది. కాని కలివికోడి మాత్రం ఆ సర్వేలో దొరకలేదు.

1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు యువ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెలలో తిరుగుతూ, పక్షి బొమ్మను చూపించి, ఎవరైనా చూచినారా అని రైతులను, వేటగాండ్రను అడిగినాడు. పల్లెవారి మాటలలో ఒక సంగతి తేలినది: ఇది రాత్రిపూట తిరిగే పక్షి. పట్టపగలు వెదకినవారికి అది కనబడకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? 1986 జనవరిలో సిద్ధవటం సమీపాన, రెడ్డిపల్లె దగ్గరి చిట్టడవిలో ఐతన్న అనే గ్రామీణుడు రాత్రివేళ దీపపు వెలుగులో నిలిచిపోయిన ఒక పక్షిని చేతితో పట్టుకొన్నాడు. అది కలివికోడియే. దేశదేశాల పత్రికలు ఆ వార్తను ప్రకటించినవి. కాని పట్టుబడిన ఆ పక్షి కొన్ని దినాలకే చనిపోయినది. దాని కళేబరం బొంబాయి సంఘపు సంగ్రహంలో చేరినది.

ఇక్కడ ఐతన్నను తప్పు పట్టడానికి ఎవరికీ అధికారం లేదు. ఇది కావాలని బొమ్మ చూపి అడిగినది విజ్ఞానమే. ఎనిమిది దశాబ్దాల నిరీక్షణ ఫలించిన ఆనందమూ, చేజిక్కిన ఆ ఒక్క ప్రాణి పోయిన దుఃఖమూ ఆ జనవరిలో ఒకే చోట నిలిచినవి. జాతి నిలిచి ఉన్నదని తెలుసుకొనుటకు ఒక ప్రాణం పోయినది. ఇకముందు తెలుసుకొనే దారి మారక తప్పదు.

ఆ మార్పును తెచ్చినవాడు 2000 సంవత్సరం నుండి సిద్ధవటం ప్రాంతపు అడవులలో ఏండ్ల తరబడి పనిచేసిన తమిళ యువకుడు జగనాథన్. పొదల నడుమ ఉన్న ఖాళీ నేలపై మెత్తని మట్టిని సన్నని పట్టెలుగా పరచి, మరునాడు వచ్చి ఆ మట్టిపై పడిన అడుగులను చూచి కొలిచే పద్ధతి అతడు, అతని సహచరులు అవలంబించినారు. కలివికోడి పాదానికి ముందు వ్రేళ్లు మూడే. వెనుక వ్రేలు లేదు. తీతువు వంటి ఇతర పక్షుల అడుగుల నుండి దాని అడుగును కొలతలతో వేరుపరచవచ్చును. మట్టి పట్టెల ప్రక్కన, ఏదైనా ప్రాణి నడిచినంతనే తమంతట తామే బొమ్మ తీసే కెమెరాలను అమర్చినారు. సూర్యాస్తమయం తరువాత ముప్పాతిక గంటకో, మరికొంతసేపటికో కొద్ది నిమిషాలు మాత్రం వినవచ్చే దాని కూతకై చెవి ఒగ్గినారు. పక్షిని ముట్టుకొన్నవారు లేరు. అయినా అది ఎక్కడెక్కడ తిరుగుచున్నదో పుస్తకానికెక్కినది.

ఇటువంటి జీవితంలో సాహసగాథలు తక్కువ. కడప ఎండలో పట్టెలు సరిచేయడం, పొదలు లెక్కించడం, చీకటి పడిన వెనుక నిశ్శబ్దంగా నిలుచుండడం, ఏమియూ వినబడని నాడు ‘ఏమియూ వినబడలేదు’ అని వ్రాసుకొనడం, ఇవే నిత్యకృత్యాలు. మేకల మంద నడిచిపోయిన పట్టెపై పక్షి జాడ మిగలదు. కాని ఆ మందను తిట్టుకొనే ముందు లెక్కలు చూడవలెను. నిలువెత్తుకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు, చిన్నపొదలు వెయ్యికి తక్కువగా ఉన్నచోటనే కలివికోడి ఎక్కువగా మసలుతుందని ఆ పరిశోధనలో తేలినది. పొదలన్నీ నరికివేసినను, అవి దట్టంగా అల్లుకొనిపోయినను దానికి చోటు చాలదు. మితంగా మేసే పశువులు, మితంగా కట్టెలు కొట్టే మనిషి కూడా ఆ చిట్టడవి అట్లు నిలుచుటకు కారకులు కావచ్చును. పల్లెవారి దైనందిన జీవితమూ, పక్షి మనుగడా వేరువేరు అధ్యాయాలు కావు.

ఆ పుస్తకపు వ్రాత అక్కరకు వచ్చే దినం త్వరలోనే వచ్చినది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఈ పక్షి నివాసం వైపు సాగినప్పుడు, పక్షి ఎక్కడ ఉన్నదో చూపగల సాక్ష్యం పరిశోధకుల దగ్గర సిద్ధంగా ఉన్నది. దాని ఆధారంగా వారు ఆందోళన వెలిబుచ్చగా, తుదకు కాలువ దారి మార్చవలసి వచ్చినది. నీరు రైతుకు ప్రాణము. దానిని కాదన్నవారు లేరు. కాని కాలువను ప్రక్కకు త్రిప్పవచ్చును, పక్షికి మరియొక అడవిని కల్పించడం మనవల్ల కాదు. మట్టిపై పడిన మూడువ్రేళ్ల గుర్తు అట్లు యంత్రాలకు అడ్డు నిలువగలిగినది.

కలివికోడి నేటికీ అంతరించే ప్రమాదం మిక్కుటంగా ఉన్న పక్షుల పట్టికలోనే ఉన్నది. దానిని వెదుకుటకు అందరూ లంకమల అడవులకు పోనక్కరలేదు, పోరాదు కూడా. ఈ వేసవి సెలవులలో ఉపాధ్యాయులు తమ విద్యార్థుల చేత ఒక్క పని చేయింపవచ్చును. ఊరి చెరువుగట్టునో, ఇంటి ముందరి వేపచెట్టునో, దబీర్‌పురా దర్వాజానో ఎన్నుకొని, ప్రతిదినం ఒకే వేళకు పావుగంట నిలిచి, కనిపించిన పక్షులను లెక్కించి వ్రాయింపవలెను. గూటిలో చేయి పెట్టరాదు, పిల్లను పట్టరాదు. ఏదియూ కనబడనినాడు సున్న వేయుటకు సిగ్గుపడరాదు. సెలవులు ముగిసి బడి తెరచిననాడు ఆ పుస్తకాలను తరగతిలో చదివించినచో, తమ వీధిలో నిత్యం తిరిగే పక్షులను గురించి పిల్లలు తెలుసుకొన్నదెంతో ఉపాధ్యాయులకే తెలియవచ్చును.