గ్రామతక్షుఁడు, కౌటతక్షుఁడు: మార్కాపురము, గిద్దలూరు సీమల వడ్రంగము

పాణినీయమున సమాసాంతప్రకరణమునందు గ్రామ, కౌట శబ్దములకుఁ బరమైన తక్షన్ శబ్దమునకు టచ్ ప్రత్యయము విధింపఁబడినది. అందుచే గ్రామతక్షుఁడు, కౌటతక్షుఁడు అను రూపములు సిద్ధించును. రాజునొద్ద నుండు వడ్రంగి మాత్రము రాజతక్షయే. పాఠశాలలలో నిది రూపసిద్ధికొఱకైన సూత్రముగాఁ జదివి విడువఁబడుచుండును. కాని కాశికావృత్తి యర్థభేదమును గూడఁ జూపినది. గ్రామతక్షుఁడు పెక్కుండ్రకు సాధారణుఁడు. ఊరివారందఱి పనియు వాని పనియే. కౌటతక్షుఁడు తన కుటియందుఁ బనిచేసికొని బ్రదుకు స్వతంత్రుఁడు. ఎవనికిని గట్టుపడినవాఁడు కాఁడు. నల్లమలకుఁ దూర్పున నున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలలోని పాతయిండ్ల నేఁటి స్థితిని దెలిసికొనుటకు నీభేదమే తగిన తాళపుఁజెవి.

ఈ సీమ 1800లో నిజాము కుంఫిణీవారి కిచ్చిన దత్తమండలములలోనిది. తరువాతఁ గర్నూలుమండలమునఁ జేరి, 1970లోఁ గ్రొత్తజిల్లా యేర్పడఁగా నందుఁ గలిసెను. ఆజిల్లాకే 1972లోఁ బ్రకాశము పేరు వచ్చెను. ఇచ్చటి పల్లెలలో వడ్రంగి ఆయగాండ్రలో నొకఁడు. ఆయ మనఁగా వచ్చుబడి. కళ్లమునొద్ద రైతు కొలిచియిచ్చు మేరయే వాని యాయము. అందులకుఁ బ్రతిగా నాఁగలి, గుంటక, బండి మొదలగువానిని జక్కఁబెట్టుట వాని వంతు. తలుపు క్రుంగినను వానికే కబురు. క్రొత్తతలుపు, పెండ్లిమంచము, పెట్టె కావలసినవారు వేఱుగా వెల యిచ్చి చేయించుకొనుచుండిరి. అనఁగా నొకఁడే గ్రామతక్షుఁడును, గౌటతక్షుఁడును నయ్యెను. వడ్రంగి, వడ్లవాఁడు అను పేళ్లు వర్ధకిశబ్దభవములు. మేరగా వడ్లు గొనుటచే వడ్లవాఁడయ్యెనని తలఁపరాదు. కంభము చెఱువు క్రిందిమాగాణివంటివి తక్క నీసీమ జొన్న, సజ్జ, కొఱ్ఱలు పండు మెట్టనేల.

ఇచ్చటి పాతయిండ్లు పెక్కులు మట్టిమిద్దెలు. కంబములు, వానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపైఁ జెక్కలో కట్టెలో పఱచి, పైనఁ జవుటిమన్ను మెత్తుదురు. కావున మిద్దెబరువులోఁ బెద్దపాలు కొయ్యమీఁదనే పడును. అడవి దగ్గఱ గనుక నేకొయ్య యేపనికో యెఱిఁగి యేరుకొనుటకు వీలుండెను. టేకు, ఏగిస తలుపులకు, నల్లమద్ది, ఏపి బరువుమోయు కంబములకు, తుమ్మ బండిచక్రములకు. ఏమ్రానియందైనను జేవయే సారము. చేవపట్టని తెల్లకొయ్యను జెదలును బురుగును ముందుగాఁ దినును.

ద్వారబంధమున ముందుగాఁ జెడునది నిలువుకొయ్యల యడుగు. అది నేల నంటియుండుటచేఁ జెమ్మయుఁ జెదలును నచ్చటనే పట్టును. దీనికిఁ దోడు నేఁడు సిమెంటు వచ్చినది. మట్టిగోడయు, సున్నపుఁబూఁతయుఁ జెమ్మను బీల్చి మరల గాలికి విడుచును. సిమెంటుపూఁత దానిని లోపలనే నిలిపి కొయ్యకుఁ బట్టించును. గోడ గట్టిపడినదని యింటివారు సంతసించుచుండఁగా, దూలపుఁగొన గోడలోఁ గుళ్లుచుండును.

ఇట్టిచో మంచి వడ్రంగి ద్వారబంధము నంతయుఁ బెఱుకఁడు. ఉలిమొనతోఁ బొడిచిచూచి, చెడినంతమేరయు, దానిపై మఱికొంతయుఁ గోసివేయును. మిగిలినదానిని, క్రొత్తముక్కను నేటవాలుగాఁ జెక్కి, యొకదానితో నొకటి పొందించి, కొయ్యచీలలు దిగఁగొట్టును. వాలు వెలుపలివైపునకు దిగియున్నచో నీరు అతుకులో నిలువక జాఱిపోవును. ఇనుపమేకు నట వాడఁడు. వగరుగల కొయ్యలోఁ జెమ్మ తగిలినచో నినుము తుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను నల్లఁబఱచి చెఱుచును.

క్రొత్తముక్క యేకొయ్యదై యుండవలెననునది యింతకంటె ముఖ్యము. ఒకస్థానమునకుఁ బెక్కాదేశములు ప్రాప్తించినపుడు స్థానికి మిక్కిలి దగ్గఱదానినే, అంతరతమమునే, కైకొనవలెనని పాణినిమతము. వడ్రంగికిని నిదియే పరిభాష. ఏగిసకు ఏగిసయే, అదియును బాగుగా నాఱినదే, దాని నార పాతకొయ్య నారతో నొకదారిని బోవలెను. కొయ్య యాఱునపుడు నిడుపునఁ దగ్గుట మిక్కిలి యల్పము, అడ్డమునఁ దగ్గుట యధికము. పచ్చికొయ్య నదికినచోఁ గొన్నినెలలకే ముక్క కుంచించుకొని యతుకు నోరుతెఱచును; ఆదేశమునకు స్థానివద్భావము గలుగదు. మయమత మానసారములయందు సంధికర్మ కొక్కొక యధ్యాయమే కేటాయింపఁబడినది. మల్లలీల, బ్రహ్మరాజము, వేణుపర్వము మొదలగునవి యందలి సంధుల పేళ్లు. అచ్చులసంధిని బోధించు పండితులు కొయ్యలసంధిని గూడఁ బాఠమునఁ బేర్కొన్నచో బాలురకు రెండును దెలియును.

1999లో మెక్సికోలోఁ గూడిన ఐకొమాస్ అను సర్వదేశసంస్థ పురాతన దారునిర్మాణముల రక్షణకు నియమములు గావించుచు, బదులువేయు కొయ్య సాధ్యమైనంతవఱకు నాజాతిదే కావలెననియు, చెమ్మ మొదలగు గుణములును సరిపోవలెననియుఁ జెప్పెను. ఊరివడ్రంగి కిది క్రొత్తమాట కాదు. చిక్కు వేఱొకచో నున్నది. 1882 నాఁటి మద్రాసు అరణ్యశాసనముతో నడవి కట్టడిలోనికి వచ్చెను; 1983లో నాగార్జునసాగర శ్రీశైలారణ్యము పులుల రక్షితారణ్యమయ్యెను. పులికిఁ జోటు కావలయుననుటలో వివాదము లేదు. కాని యంతరతమమైన ముదురుచేవ యిఁక నడవినుండి రాదు. పడఁగొట్టిన మఱియొక పాతయింటినుండియే రావలెను. కూలినమిద్దె దూలము పొయ్యిలోనికిఁ బోయినను, చెక్కడపుఁదలుపు దూరపట్టణమున నలంకారముగా నిలిచినను, పొరుగింటి ద్వారబంధమున కతుకువేయఁదగిన కొయ్య పోయినట్లే.

మేరలును బోయినవి. కొయ్యనాఁగలి యుండవలసినచోట ట్రాక్టరు దున్నుచున్నది. వడ్రంగి నేఁడు కౌటతక్షుఁడు మాత్రమే. క్రొత్తతలుపునకు వెల చెప్పుట సులభము. అతుకునకు వెల చెప్పుట కష్టము. ఒకదినమెల్లఁ గూర్చుండి మూరెఁడు కొయ్యను బొందించిన కూలిని, దుకాణములోని సిమెంటుచట్టపు వెలతోఁ బోల్చి చూచి, యింటివారు చట్టమునే తెచ్చుకొందురు. వారిని నిందింపఁ బనిలేదు. పూర్వ మాయతుకు ఖర్చు ఊరంతయుఁ గళ్లమునొద్దనే చెల్లించుచుండెను. ఇప్పు డొక్కయింటిమీఁదఁ బడుచున్నది.

పనితోఁ బాటు మాటలును దరలిపోవును. 1962లో వ్యవసాయపదములతో మొదలిడిన మాండలిక వృత్తిపదకోశము తరువాతి సంపుటములలోఁ జేనేత, గృహనిర్మాణ పదములను జేర్చి గొప్పమేలు చేసినది. వృత్తిమాటల చరిత్ర యెంత వింతగా నుండునో మార్కాపురమే చూపును. ఆయూరు బడిపిల్లల పలకలకుఁ బ్రసిద్ధము. పలక ఫలకశబ్దభవము, మొదట నది చెక్కబల్లయే. వ్రాఁత కొయ్యనుండి రాతికి మాఱఁగా మాటయు రాతి నాశ్రయించెను. ఆరాతిచుట్టును బిగించిన చట్టము మాత్రము చిరకాలము కొయ్యదిగానే యుండి, తరువాతఁ బ్లాస్టికుదయ్యెను.

బాగుచేయుటకు జనులు వాడు మరమ్మతు అరబ్బీమాట. సంస్కృతమున జీర్ణోద్ధార మున్నది గాని వాడుకలో నది దేవాలయములకే చెల్లుచున్నది. ఖండస్ఫుటితజీర్ణోద్ధారమునకై భూములిచ్చిన దానశాసనములు పెక్కులు గలవు. ఇండ్ల జీర్ణోద్ధారమునకుఁ గళ్లమునొద్ది మేరయే శాసనము. అది రాతిమీఁద వ్రాయఁబడినది కాదు.