మాయ అతుక్కుంటే ఒక్క డాక్టరుతోని కాదు

బిడ్డ పుట్టినంక మాయ దానంతట అదే ఊడొస్తది. కానీ పాత ఆపరేషన్ మచ్చ మీద మాయ పెరిగితే గర్భసంచి గోడలకు చొచ్చుకపోతది, ఒక్కోపారి మూత్రసంచి దాకా పోతది. గుంజితే నెత్తురు ఆగది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైనే నెత్తురు పారుతది మరి.

అందుకే కాన్పు డాక్టరు, మత్తు డాక్టరు, మూత్రసంచి సర్జన్, పిల్లల డాక్టరు, బ్లడ్ బ్యాంకోళ్లు ముందుగాల్నే కూసొని ఎవరి పనేందో అనుకోవాలె. మామూలుగ 34–36 వారాల నడుమ ఆపరేషన్ పెట్టుకుంటరు. బిడ్డను తీసి, మాయను ముట్టకుండ గర్భసంచితోనే తీసేస్తరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణల నూటికి 60కి పైనే కాన్పులు ఆపరేషన్లే. మొదటిది ఆపరేషనైతే, తర్వాతి కాన్పుకు స్కానింగు కాడ్నే అడుగుండ్రి: "మాయ యాడుంది? పాత కోతను అంటిందా?" అంటితే, నొప్పులొచ్చేదాక ఆగకుండ పెద్దాసుపత్రికి పోవాలె.