సన్‌స్క్రీన్ నిగారింపు కోసం కాదు... చర్మం కాపలా కోసం!

నాలుగు రోజులు ఎండలో తిరిగొస్తే కొందరికి పెదవి అంచున నీటిపొక్కులు గుత్తులుగా లేస్తాయి. ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతారు. నిజానికి అది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ పని. ఎప్పుడో చిన్నతనంలో ఒంట్లో చేరి, నరాల్లో నిద్రపోతూ ఉంటుంది. మరి ఎండకే ఎందుకు లేస్తుంది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ కిరణాలు, అక్కడి చర్మంలో రోగనిరోధక శక్తిని కొంతకాలం కుంగదీయడం దీనికి ఒక ముఖ్య కారణం. సన్‌స్క్రీన్‌ను సౌందర్య సాధనంగానే చూసే మనం తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

పైపొరలో పహరా

చర్మం ఒంటికి కప్పిన తొడుగు మాత్రమే కాదు. దాని పైపొరలో కొమ్మలు చాచినట్టుండే లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. 1868లో జర్మనీకి చెందిన పాల్ లాంగర్‌హాన్స్ వైద్య విద్యార్థిగా ఉండగానే వీటిని గుర్తించారు. అప్పట్లో ఇవి నాడీకణాలని అనుకున్నారు. రోగనిరోధక కణాలని చాలాకాలం తర్వాత తేలింది. చర్మంలోకి చొరబడిన సూక్ష్మక్రిముల ఆనవాళ్లను పట్టుకుని, లింఫ్ గ్రంథులకు తీసుకెళ్లి, పోరాడే టి-కణాలకు చూపించటం వీటి పని.

యూవీ కిరణాలు తగిలినప్పుడు ఈ కణాలు పైపొరలో తగ్గిపోతాయి. మిగిలినవీ సరిగా పనిచేయవు. అదే సమయంలో చర్మకణాల డీఎన్‌ఏ దెబ్బతింటుంది. దాంతో రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేసే రసాయన సంకేతాలు వెలువడతాయి. చర్మం కందటానికి చాలినంత ఎండ తగలకముందే ఇదంతా మొదలవుతుంది. కాబట్టి ‘కందలేదు, మంట లేదు, నాకేం కాలేదు’ అనుకోవటానికి లేదు.

కాపలా సడలితే...

డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాల్లో కొన్ని క్యాన్సర్ దారి పడతాయి. మామూలుగా రోగనిరోధక వ్యవస్థ అలాంటి వాటిని ఏరిపారేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ క్రిప్కీ 1970ల్లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపాయి. యూవీ వల్ల వచ్చిన చర్మ కణితులను ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు అమర్చితే వాటి శరీరం తిప్పికొట్టింది. ముందే యూవీకి గురైన ఎలుకల్లో మాత్రం అవే కణితులు పెరిగాయి. అంటే కణితిని పుట్టించేదీ ఎండే, దాన్ని అడ్డుకునే కాపలాను సడలించేదీ ఎండే.

మరి సన్‌స్క్రీన్‌తో మేలుంటుందా? ఆస్ట్రేలియాలోని నంబూర్ పట్టణంలో 1992 నుంచి 1996 వరకూ 1,621 మందిపై అధ్యయనం చేశారు. రోజూ రాసుకున్నవారిలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి.

ఎవరికి మరీ ముఖ్యం?

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అందుకే తెల్లజాతీయులతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్లు చాలా తక్కువ. కానీ మెలనిన్ పూర్తి రక్ష కాదు. ముఖ్యంగా కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, లూపస్ బాధితులు, పుట్టుకతోనే మెలనిన్ లోపించినవారు తప్పకుండా జాగ్రత్తపడాలి. లూపస్ ఉన్నవారికి ఎండ తగిలితే జబ్బే తిరగబెట్టొచ్చు. డాక్సీసైక్లిన్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మందులతోనూ చర్మం ఎండకు తట్టుకోలేదు. అలాగని మీ అంతట మీరు మానెయ్యకండి, డాక్టరుకు చెప్పండి.

ఎలా రాసుకోవాలి?

* ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది చాలు. ఎస్‌పీఎఫ్ ప్రధానంగా చర్మం కందకుండా యూవీబీ నుంచి దక్కే రక్షణనే చెబుతుంది. యూవీఏ కూడా రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, కిటికీ అద్దంలోంచీ వస్తుంది. అందుకే ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ లేదా ‘పీఏ+++’ అని ఉందో లేదో చూడండి.
* ముఖం, మెడకు రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. చెవులు, మెడ వెనక మరవొద్దు.
* బయల్దేరే 15-20 నిమిషాల ముందు రాసుకోండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే వెంటనే మళ్లీ రాయాలి.
* ఆరు నెలల లోపు పిల్లలకు రాయొద్దు. నీడలో ఉంచండి.
* రాసుకున్నాం కదా అని మిట్టమధ్యాహ్నం అదనంగా తిరగొద్దు. ఏ క్రీమూ నూరు శాతం ఆపదు.

ట్యూబు కొనలేకపోతే?

పొలం పనికి, ఉపాధి పనికి వెళ్లేవారికి రోజూ ట్యూబు కొనటం భారమే. నిండు చేతుల మందపాటి చొక్కా, మెడ దాకా కప్పే తలగుడ్డ, గొడుగు కూడా మంచి రక్షణే. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే యూవీ తీవ్రంగా ఉన్నట్టు లెక్క. ఆ వేళ పని తగ్గించుకుని నీడకు చేరండి. యూవీకీ వేడికీ సంబంధం లేదు. సంక్రాంతి రోజుల్లో చల్లగా ఉన్నా, పలచగా మబ్బు పట్టినా యూవీ ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఎండకు నల్లబడ్డామని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘తెల్లబడే’ క్రీముల్లో చాలాసార్లు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టిరాయిడ్లుంటాయి. ఇవి చర్మంలోని కాపలాను మరింత దెబ్బతీస్తాయి. తామర వంటివి విజృంభిస్తాయి. అలాగే కింది పెదవి మీదో, ఎండ తగిలే చోటో, పాత కాలిన మచ్చ మీదో పుండు నెల దాటినా మానకపోతే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో చర్మవైద్యులకు చూపించండి. తొలిదశలో అయితే చిన్న ఆపరేషన్‌తోనే చాలావరకు నయమవుతుంది.