పేజీ వెడల్పు ఎంత ఉండాలి? ఫిక్స్‌డ్ లేఅవుట్, ఫ్లూయిడ్ లేఅవుట్

మీలో చాలామంది ఈ ఎపిసోడ్ ఫోన్‌లోనే చూస్తుంటారు కదా, అందుకే ఫోన్‌లో నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను.

వెబ్ డిజైన్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో ఒక కోచింగ్ సెంటర్‌కి పేజీ చేసిచ్చా. వెడల్పు 960 పిక్సెల్స్ అని ఫిక్స్ చేసేశా. అప్పటికి అందరూ వాడే నంబరే అది. 1024 పిక్సెల్స్ మానిటర్‌లో స్క్రోల్‌బార్‌కి పోను 960 హాయిగా పడుతుంది. పైగా 2, 3, 4, 5, 6, 8, 12, 16 దేనితో భాగించినా శేషం రాదు, కాలమ్‌లు విడగొట్టడం సులువన్నమాట.

నా కంప్యూటర్‌లో పేజీ చక్కగా ఉంది. అందులో పరీక్షల పట్టిక ఒకటి. ఎడమ చివర పరీక్ష పేరు, కుడి చివర అప్లికేషన్ ఆఖరు తేదీ. ఒక అమ్మాయి దాన్ని ఫోన్‌లో చూసింది. బ్రౌజర్ లెక్కలో ఆ ఫోన్ వెడల్పు 360 పిక్సెల్స్. మిగతా 600 స్క్రీన్ బయటే! పక్కకి జరిపితే ఇంకో కాలమ్ ఉందని తనకెలా తెలుస్తుంది? గడువు దాటాక ఫోన్ చేసి, "అన్నా, లాస్ట్ డేట్ ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

అసలేం జరిగిందంటే, 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ మామూలు పేజీలని 980 పిక్సెల్స్ వెడల్పు అనుకుని గీసి, మొత్తం కుదించి చూపించేది. అక్షరాలు చీమ తలకాయంత. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదవాలి. అలా కుదించకుండా ఫోన్ అసలు వెడల్పే తీసుకోమని బ్రౌజర్‌కి చెప్పేది వ్యూపోర్ట్ ట్యాగ్. నేను ఆ ట్యాగ్ పెట్టాను గానీ 960 తియ్యలేదు. సగం చదువు అంటారే, అదే.

ఫ్లూయిడ్ అంటే వెడల్పుని శాతాల్లో చెప్పడం. నీళ్లు ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారంలో ఉన్నట్టు, పేజీ ఏ స్క్రీన్‌కి ఆ వెడల్పులో సర్దుకుంటుంది. అలాగని గుడ్డిగా 100 శాతం పెట్టి వదిలేస్తే పెద్ద మానిటర్‌లో లైను ఆ చివర నుంచి ఈ చివరికి సాగిపోతుంది. కన్ను వెనక్కి వచ్చేసరికి కింది లైను ఏదో దొరకదు. నేనైతే రెండూ కలుపుతా: విడ్త్ 100 శాతం, మ్యాక్స్-విడ్త్ 700 పిక్సెల్స్. ఫోన్‌లో స్క్రీన్ నిండుగా వస్తుంది, మానిటర్‌లో 700 దగ్గర ఆగుతుంది. 2010లో ఈథన్ మార్కాట్ ఫ్లూయిడ్ గ్రిడ్‌కి మీడియా క్వెరీలు, సర్దుకునే బొమ్మలు జోడించి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు.

పట్టిక సంగతి వేరు. ఆరు కాలమ్‌లని 360లో ఏ శాతమూ ఇరికించలేదు. అందుకే ఆఖరు తేదీని పరీక్ష పేరు పక్కకే తెచ్చి, ఫీజు, సిలబస్ కుడివైపుకి తోసేశా. ఆ అమ్మాయికి లింక్ పంపితే "ఇప్పుడు కనబడుతోంది అన్నా" అంది. ఆ ఏడాది పరీక్ష మాత్రం పోయింది.