అరకు కాఫీ: ఎర్రబడితేనే ఛాన్స్!

అరకు అనగానే మన సినిమావాళ్ళకి పొగమంచు, డ్యూయెట్లు! కెమెరా కంటికి అంతగా ఆనని అసలు హీరోయిన్ ఒకతుంది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగెల పక్కన పెరిగే కాఫీ మొక్క. పెంచేది గిరిజన రైతులు. ఒకే కొమ్మ మీది పళ్ళన్నీ ఒక్కసారే పండవు. ఎర్రవి చేత్తో కోసి, పచ్చివి వదిలేసి, మళ్ళీ మళ్ళీ రావాలి. పచ్చికాయలు కలిశాయా, కప్పులో రుచి చెడుతుంది, రైతుకి రేటూ పడిపోతుంది. ఇంత ఓపిక పుణ్యమా అని 2017లో పారిస్‌లోనే అరకు పేరుతో కాఫీ షాపు వెలిసింది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మనకేమో చికోరీ కలిపిన డికాషనే ప్రాణం! ఈసారి అరకు వెళితే పాలు, పంచదార లేకుండా ఓ కప్పు తాగి చూడండి. చేదు వెనకాలే సన్నగా పండు పులుపు తగుల్తుంది.