సింహాసనమున్న కారుకు మళ్లీ ప్రాణం పోయడం ఎలా?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక పసుపు రంగు కారు ఉంది. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. దశాబ్దాలపాటు మూలనపడి ఉన్న ఆ కారును ఆ తర్వాత ఎప్పుడో బాగుచేశారు.

ఇలాంటి కారును బాగుచేయడం ఎందుకంత కష్టం? అప్పట్లో రోల్స్‌రాయిస్ ఇంజనూ ఛాసీ మాత్రమే ఇచ్చేది. పైన బాడీని వేరే సంస్థ, దీనికైతే లండన్‌లోని బార్కర్, కొన్నవాళ్లు కోరినట్టు చేత్తో కట్టేది. అందుకే మరో కారు తలుపు తెచ్చి దీనికి బిగించలేం.

అసలు రంగు ఎలా తెలుస్తుంది? సీటు కింద, తలుపు సందుల్లో, ఎండ తగలని చోట గరుకు కాగితంతో మెల్లగా రుద్దుతారు. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని కింద ఒకటి పాత రంగులు బయటపడతాయి. ఎంత ముచ్చటైన పనో!

ఇంజనుకు ఓపిక కావాలి. ఏళ్లతరబడి కదలని పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు పట్టేస్తాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. అందుకే పల్చటి నూనె పోసి రోజులతరబడి నాననిచ్చి, చేత్తో కొద్దికొద్దిగా కదిలిస్తారు.

దొరకని భాగాలను ఇసుక అచ్చులో పోతపోస్తారు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను కాస్త పెద్దదిగా చేయాలి. నా దృష్టిలో అసలు నేర్పు ఇక్కడే ఉంది.

ఈసారి చౌమహల్లాకు వెళితే ఆ కారు ముందు కాసేపు ఆగండి. వెనక సీటు ఎత్తు చూడండి.