నెట్‌వర్కు ద్వారా కెర్నెలు డీబగ్గింగు

ఒక కంప్యూటరులో నడుస్తున్న ఆపరేటింగు సిస్టము యొక్క కేంద్రభాగాన్ని, అనగా కెర్నెలును, నెట్‌వర్కుతో కలుపబడిన మరొక కంప్యూటరు నుండి ఆపి, పరిశీలించి, అందులోని దోషాలను కనిపెట్టే ప్రక్రియను నెట్‌వర్కు ద్వారా కెర్నెలు డీబగ్గింగు అంటారు. దోషం ఉన్న కంప్యూటరును లక్ష్య కంప్యూటరు అని, డీబగ్గరు నడిచే కంప్యూటరును పరిశీలక కంప్యూటరు అని ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. డ్రైవర్లు రాసేవారు, ఆపరేటింగు సిస్టములను నిర్మించేవారు, భద్రతా పరిశోధకులు ఈ పద్ధతిని ఎక్కువగా వాడుతారు.

రెండవ కంప్యూటరు ఎందుకు?

ప్రోగ్రాములకు ప్రాసెసరు కాలాన్ని పంచడం, మెమొరీని కేటాయించడం, డిస్కు, కీబోర్డు, తెర, నెట్‌వర్కు కార్డు వంటి పరికరాలను నడపడం కెర్నెలు పనులు. ఒక సాధారణ ప్రోగ్రాములో దోషం ఉంటే, అదే కంప్యూటరులో డీబగ్గరును మరొక ప్రోగ్రాముగా నడిపి దోషాన్ని వెదకవచ్చు. డీబగ్గరు కోరిన వెంటనే మొదటి ప్రోగ్రామును ఆపి, దాని మెమొరీని చూపించేది కెర్నెలే.

కెర్నెలులోనే దోషం ఉన్నప్పుడు ఈ ఏర్పాటు పనిచేయదు. కెర్నెలును ఆపివేస్తే డీబగ్గరుకు ప్రాసెసరు కాలం ఇచ్చేవారు ఉండరు. మీటలు నొక్కితే అందుకునేవారు ఉండరు, ఫైళ్ళు తెరిచేవారూ ఉండరు. తన భుజాల మీదికి తానే ఎక్కడం ఎవరికీ సాధ్యం కానట్లే, ఆగిన కెర్నెలు తనను తాను పూర్తిగా పరీక్షించుకోలేదు. అందుచేత డీబగ్గరును రెండవ కంప్యూటరులో ఉంచి, లక్ష్య కంప్యూటరులో మాత్రం ఒక చిన్న సహాయక భాగాన్ని ఉంచుతారు. దీనిని స్టబ్ అంటారు. మెమొరీని చదవడం, మెమొరీలో రాయడం, రిజిస్టర్ల విలువలను చెప్పడం, కెర్నెలును మళ్ళీ నడిపించడం వంటి కొద్ది పనులు మాత్రమే దీనికి తెలుసు. సోర్సుకోడును చూపడం, చరరాశుల పేర్లను గుర్తించడం వంటి తెలివైన పనులన్నీ పరిశీలక కంప్యూటరు చేస్తుంది.

సీరియల్ తీగ నుండి నెట్‌వర్కు వరకు

చాలాకాలం పాటు ఈ రెండు కంప్యూటర్లను సీరియల్ తీగతో కలిపేవారు. సీరియల్ పోర్టును నడపడానికి అతి కొద్దిపాటి కోడు చాలు. కనుక కెర్నెలు ఎంత దెబ్బతిన్నా ఆ మార్గం సాధారణంగా పనిచేస్తుంది. అయితే దాని వేగం తక్కువ. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో, ఒక్కొక్క బైటుకు 10 బిట్ల చొప్పున, సెకనుకు 11,520 బైట్లు మాత్రమే ప్రయాణిస్తాయి. ఈ లెక్కన 1 గిగాబైటు మెమొరీని తెప్పించుకోవడానికి దాదాపు 26 గంటలు పడుతుంది. సెకనుకు 1 గిగాబిట్ వేగం గల ఈథర్‌నెట్ మీద అదే పనికి సిద్ధాంతరీత్యా 9 సెకన్లు చాలు. ఆచరణలో ఇంతకంటె ఎక్కువే పట్టినా, తేడా స్పష్టమే. పైగా సీరియల్ తీగ కొన్ని మీటర్లకు మించి పనికిరాదు. నేటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే ఉండదు.

నెట్‌వర్కు మీదుగా డీబగ్గింగు చేయాలనే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను పరిశోధన కేంద్రంలో 1980ల్లో రూపొందిన టోపాజ్ అనే వ్యవస్థలో టెలీడీబగ్గింగు సౌకర్యం ఉండేది. దాని అనుభవాలను వివరిస్తూ డేవిడ్ రెడెల్ 1988లో ఒక పరిశోధన పత్రం సమర్పించాడు.

పనిచేసే విధానం

కెర్నెలు మూడు సందర్భాలలో డీబగ్గరు అధీనంలోకి వస్తుంది. ప్రాసెసరు ముందుగా గుర్తు పెట్టిన చోటికి చేరడం మొదటిది. కోలుకోలేని లోపం ఎదురవడం రెండవది. పరిశీలకుడు స్వయంగా ఆగమని ఆదేశించడం మూడవది.

ముందుగా గుర్తు పెట్టిన చోటును బ్రేక్‌పాయింటు అంటారు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఒక ఆదేశం యొక్క మొదటి బైటును తీసి, దాని స్థానంలో 204 అనే విలువను ఉంచితే బ్రేక్‌పాయింటు సిద్ధమవుతుంది. ఆ బైటు దగ్గరకు రాగానే ప్రాసెసరు మామూలు దారి విడిచి స్టబ్ లోకి ప్రవేశిస్తుంది. మెమొరీలో ఏమీ మార్చకుండా 4 చిరునామాల వరకు కాపలా కాసే ప్రత్యేక రిజిస్టర్లు కూడా ఈ ప్రాసెసర్లలో ఉన్నాయి. ఒక చరరాశి విలువను ఏ కోడు పాడుచేస్తున్నదో పట్టుకోవడానికి ఇవి ఎంతో ఉపయోగపడతాయి. ఒక ప్రాసెసరు ఆగగానే మిగిలిన ప్రాసెసర్లన్నిటినీ కూడా ఆపాలి. లేకపోతే పరిశీలిస్తున్న సమాచారం కళ్ళముందే మారిపోతుంది.

రెండు కంప్యూటర్ల మధ్య సంభాషణకు ఒక నియమావళి ఉంటుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రూపొందించిన జీడీబీ అనే డీబగ్గరు వాడే నియమావళి ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ప్రతి సందేశం డాలరు గుర్తుతో మొదలై, హ్యాష్ గుర్తుతోను, దాని తరువాత వచ్చే రెండు షోడశాంశ అంకెలతోను ముగుస్తుంది. సందేశంలోని అక్షరాల సంకేత విలువలను కూడి, 256తో భాగించగా వచ్చిన శేషమే ఆ రెండంకెలు. ఉదాహరణకు, రిజిస్టర్లన్నిటినీ చూపమని చెప్పడానికి ఆంగ్లంలోని చిన్న జి అక్షరం ఒక్కటి చాలు. దాని ఆస్కీ సంకేతం 103. షోడశాంశ పద్ధతిలో అది 67 కనుక, సందేశం చివర 67 అని ఉంటుంది. లెక్క సరిపోతే అవతలి కంప్యూటరు కూడిక గుర్తును, సరిపోకపోతే తీసివేత గుర్తును పంపుతుంది. తీసివేత గుర్తు వస్తే సందేశాన్ని మళ్ళీ పంపాలి.

స్టబ్ పంపేవి కేవలం సంఖ్యలు. ఏ చిరునామాలో ఏ ఫంక్షను ఉన్నదో చెప్పే సింబల్ ఫైళ్ళు పరిశీలక కంప్యూటరులో ఉండాలి. అవి లక్ష్య కంప్యూటరులో నడుస్తున్న కెర్నెలుకు సంబంధించినవే కావాలి. వేరే వెర్షను ఫైళ్ళు వాడితే డీబగ్గరు తప్పు పేర్లు చూపిస్తుంది. భద్రత కోసం నేటి కెర్నెళ్ళు ప్రతిసారీ మెమొరీలో వేరు వేరు చోట్ల లోడు అవుతాయి. కాబట్టి ఆ మార్పు ఎంతో తెలుసుకోవడమో, డీబగ్గింగు సమయంలో ఆ సౌకర్యాన్ని ఆపివేయడమో చేయాలి.

నెట్‌వర్కు మార్గంలోని చిక్కు

మామూలుగా ఒక సందేశం నెట్‌వర్కు నుండి రాగానే కార్డు ప్రాసెసరుకు ఇంటరప్టు పంపుతుంది. అప్పుడు కెర్నెలు మెమొరీ కేటాయించి, లాకులు వేసి, సందేశాన్ని పైస్థాయికి అందిస్తుంది. కెర్నెలు ఆగిపోయిన తరువాత ఇవేవీ జరుగవు. అందువలన స్టబ్ తానే కార్డు దగ్గరకు వెళ్ళి, సందేశం వచ్చిందా అని పదే పదే అడుగుతూ ఉండాలి. దీనిని పోలింగు అంటారు. టైమర్లు, సంక్లిష్టమైన ఏర్పాట్లు అవసరమయ్యే టీసీపీకి బదులు తేలికైన యూడీపీని వాడటానికి కారణం కూడా ఇదే.

ఇంకొక చిక్కు ఉన్నది. నెట్‌వర్కు డ్రైవరు ఒక లాకును పట్టుకొని ఉన్న క్షణంలోనే కెర్నెలు ఆగిందని అనుకుందాం. ఇప్పుడు స్టబ్ అదే డ్రైవరు ద్వారా సందేశం పంపబోతే, ఎన్నటికీ విడుదల కాని లాకు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఏ మార్గాన్ని పరీక్షించాలో అదే మార్గం మీద ఆధారపడడం వలన ఈ ఇబ్బంది కలుగుతుంది. డీబగ్గింగు కోసం వేరే కార్డునో, వేరే డ్రైవరునో కేటాయించడం దీనికి పరిష్కారం.

వివిధ ఆపరేటింగు సిస్టములలో

విండోస్: విండోస్ 8, విండోస్ సర్వర్ 2012 లతో మైక్రోసాఫ్టు సంస్థ కేడీనెట్ అనే సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. దీనిలో నెట్‌వర్కు కార్డును డీబగ్గింగు కోసమే రాసిన చిన్న డ్రైవరు నడుపుతుంది. లక్ష్య కంప్యూటరులో పరిశీలక కంప్యూటరు చిరునామాను, పోర్టు సంఖ్యను, ఒక రహస్య కీని ముందుగా నమోదు చేయాలి. 50000 నుండి 50039 వరకు గల పోర్టులు వాడటం మంచిదని మైక్రోసాఫ్టు సూచిస్తుంది. ఆ తరువాత విన్‌డీబీజీ అనే డీబగ్గరుతో పని మొదలుపెట్టవచ్చు.

లినక్స్: కెర్నెలు డీబగ్గరు పట్ల లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చాలాకాలం విముఖత చూపాడు. డీబగ్గరు అందుబాటులో ఉంటే ప్రోగ్రామర్లు మూలకారణాన్ని ఆలోచించకుండా, కనబడిన లక్షణానికి మాత్రమే అతుకు వేస్తారని 2000లో అతను వాదించాడు. చివరకు కేజీడీబీ అనే స్టబ్ 2008లో విడుదలైన 2.6.26 వెర్షనులో చేరింది. అయితే ఇది ప్రధానంగా సీరియల్ మార్గాన్నే వాడుతుంది. ఈథర్‌నెట్ మీదుగా నడిచే రూపం విడిగా లభించినా, ప్రధాన కెర్నెలులో చేరలేదు. నెట్‌కన్సోల్ అనే సౌకర్యం మాత్రం కెర్నెలు సందేశాలను యూడీపీ ద్వారా వేరొక కంప్యూటరుకు పంపుతుంది. ఇది ఒకవైపు మార్గమే. దీనితో వినవచ్చు గాని ప్రశ్నించలేము.

మాక్: మాక్ ఓఎస్ ఎక్స్ కెర్నెలు అయిన ఎక్స్‌ఎన్‌యూ లో కేడీపీ అనే నియమావళి ఉన్నది. ఇది యూడీపీ 41139 పోర్టును వాడుతుంది. ఆగిపోయిన కంప్యూటరు తన హార్డువేరు చిరునామా ఏమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు కనుక, ఆ చిరునామాను పరిశీలక కంప్యూటరులో శాశ్వతంగా నమోదు చేయవలసి వచ్చేది. ఆ శ్రమను తప్పించే ఐచ్ఛికం ఒకటి తరువాత వచ్చింది. కాని అది భద్రతకు భంగం కలిగించవచ్చని ఆపిల్ సంస్థే హెచ్చరించింది.

ఫ్రీబీఎస్‌డీ: 2021లో విడుదలైన 13.0 వెర్షనులో నెట్‌జీడీబీ అనే సౌకర్యం చేరింది.

భద్రత

కెర్నెలు డీబగ్గరుకు లక్ష్య కంప్యూటరులో అడ్డు లేదు. అది ఏ మెమొరీనైనా చదవగలదు, మార్చగలదు. పాసువర్డులు, గుప్తలిపి కీలు, అనుమతుల పట్టికలు అన్నీ దానికి తెరిచిన పుస్తకమే. అపరిచితుడు నెట్‌వర్కు మీదుగా ఈ మార్గంలో ప్రవేశించగలిగితే, ఇంటి తాళం చెవి దొంగ చేతిలో పెట్టినట్లే అవుతుంది.

ఈ ప్రమాదం ఊహాజనితమైనది కాదు. నెట్‌వర్కు పరికరాలు, ప్రింటర్లు మొదలైనవాటిలో వాడే వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగు సిస్టములో నిర్మాణ దశ కోసం ఉద్దేశించిన డీబగ్గింగు ఏజెంటు ఒకటి ఉన్నది. ఇది యూడీపీ 17185 పోర్టు వద్ద ఎటువంటి గుర్తింపూ అడగకుండానే ఆదేశాలను స్వీకరించేది. పలువురు తయారీదారులు దానిని తొలగించకుండానే పరికరాలను అమ్మారు. భద్రతా పరిశోధకుడు హెచ్. డి. మూర్ 2010లో ఈ సంగతిని బయటపెట్టాడు. ఇంటర్నెట్‌లో ఆ విధంగా తెరిచి ఉన్న పరికరాలు 2.5 లక్షలకు పైగా అతని సర్వేలో కనబడ్డాయి. ఇక్కడ ప్రోగ్రాములో తప్పు ఏమీ లేదు. డీబగ్గరు తన పని తాను చేసింది. పని ముగిసిన తరువాత తలుపు మూయకపోవడమే లోపం.

లినక్స్‌లోనూ ఇటువంటి సమస్య ఒకటి 2022లో బయటపడింది. నిర్వాహకుడు సైతం కెర్నెలును మార్చకుండా నిరోధించే లాక్‌డౌన్ అనే రక్షణను కేజీడీబీ ద్వారా దాటవచ్చని తేలడంతో ఆ దారిని మూసివేశారు.

ఈ కారణాల వలన కేడీనెట్ 256 బిట్ల కీతో సంభాషణను గుప్తపరుస్తుంది. విండోస్‌లో డీబగ్గింగును ప్రారంభించాలంటే సాధారణంగా సెక్యూర్ బూట్ రక్షణను ముందుగా ఆపవలసి ఉంటుంది. నెట్‌కన్సోల్ సందేశాలకు మాత్రం గుప్తీకరణ లేదు. కనుక రెండు కంప్యూటర్లను ఇతరులకు అందని విడి నెట్‌వర్కులో ఉంచడం, పని పూర్తికాగానే డీబగ్గింగును ఆపివేయడం అవసరం.

పరిమితులు

కెర్నెలు ఆగినంతసేపు బయటి ప్రపంచం ఆగదు. లక్ష్య కంప్యూటరుతో సంబంధం ఉన్న ఇతర కంప్యూటర్లు జవాబు రాక సంబంధాలు తెంచుకుంటాయి. కంప్యూటరు నిలిచిపోయిందని భావించి వాచ్‌డాగ్ టైమరు దానిని మళ్ళీ మొదటి నుండి ప్రారంభించవచ్చు. కాలక్రమం మీద ఆధారపడిన కొన్ని దోషాలు, డీబగ్గరు కలిగించే ఆలస్యం వలన అసలు కనబడకుండా పోతాయి. పరిశీలించబోతే మాయమయ్యే ఇటువంటి దోషాలను హైసెన్‌బగ్‌లు అంటారు. నెట్‌వర్కు కార్డు సిద్ధం కాకముందు, అనగా బూటింగు తొలి క్షణాలలో జరిగే దోషాలు కూడా ఈ పద్ధతికి అందవు.

ఇతర మార్గాలు

కృత్రిమ యంత్రాలలో, అనగా వర్చువల్ మెషీన్లలో, స్టబ్ ను కెర్నెలు వెలుపలే ఉంచవచ్చు. క్యూఈఎంయూ అనే సాఫ్టువేరులో ఉన్న స్టబ్ మామూలుగా టీసీపీ 1234 పోర్టు ద్వారా జీడీబీతో సంభాషిస్తుంది. లోపలి కెర్నెలు సహకారం అవసరం లేనందున లాకుల చిక్కు కూడా ఉండదు. విద్యార్థులు కెర్నెలు డీబగ్గింగు నేర్చుకోవడానికి ఇది అనువైన, ఖర్చులేని మార్గం. అయితే నిజమైన హార్డువేరులో మాత్రమే కనిపించే దోషాలను పట్టుకోవడానికి రెండు కంప్యూటర్ల పద్ధతే శరణ్యం.

కెర్నెలు కూలిపోయిన క్షణంలోని మెమొరీని భద్రపరచి, తరువాత తీరికగా పరిశీలించడం మరొక మార్గం. లినక్స్‌లో కేడంప్ ఇందుకు ఉపయోగపడుతుంది. సేవలను ఆపడానికి వీలులేని సర్వర్లకు ఈ మార్గమే తగినది.

ఇవి కూడా చూడండి

ఆపరేటింగు సిస్టము
లినక్స్ కెర్నెలు
డివైస్ డ్రైవరు
యూడీపీ
కంప్యూటరు భద్రత